ఒత్తులు తెగని తెర కావాలి: ఫోన్ల రూపకర్తలకు, ప్రమాణాల అధికారులకు బహిరంగ లేఖ

ఆండ్రాయిడ్, ఐఓఎస్ తెరలను రూపొందిస్తున్న గూగుల్, ఆపిల్ సంస్థలకు. ఆండ్రాయిడ్‌కు తమ సొంత హంగులు చేర్చి అమ్ముతున్న ఫోన్ కంపెనీలకు. భారతీయ ప్రమాణాల సంస్థకు, కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖలకు. తెలుగువాళ్ల కోసం యాప్‌లు తయారుచేసే వారందరికీ

విషయం: ఫోన్‌ను తెలుగులో వాడేవారికి రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ ఎదురవుతున్న ఇబ్బందులు, వాటికి వెంటనే చేయదగిన దిద్దుబాట్లు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేము యాప్‌ల తెరలు గీసేవాళ్లం, వాటిని తెలుగులో పెట్టి పరీక్షించేవాళ్లం. ఆండ్రాయిడ్ మీదా పనిచేస్తాం, ఐఓఎస్ మీదా పనిచేస్తాం. ఈ లేఖలో ఉన్న లోపాలను యాప్‌లలోని ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో రాశాం, బగ్ రిపోర్టులుగా పంపాం, సహాయ కేంద్రాలకు మెయిల్ చేశాం. కొన్నిటికి "మీ సూచనకు ధన్యవాదాలు" అని యంత్రం పంపిన జవాబు వచ్చింది. చాలావాటికి అదీ రాలేదు. కనుక అందరి ముందూ పెడుతున్నాం.

ఫోన్‌లో తెలుగు కనబడటమే గొప్ప అనుకునే రోజులు పోయాయి. ఆండ్రాయిడ్ మెనూలు తెలుగులోకి వచ్చి చాలా ఏళ్లయింది. ఐఫోన్ మెనూలకు 2025 దాకా పట్టింది, అయినా వచ్చాయి. ఇప్పుడు గొడవంతా ఆ తెలుగు చేతికి పనికొస్తోందా లేదా అన్నదాని గురించే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో "మన మిత్ర" పేరుతో సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. తెలంగాణలోనూ భూమి వివరాల నుంచి కరెంటు బిల్లు దాకా ఫోన్‌లోనే చూసుకుంటున్నారు. అంటే ఫోన్ తెరే ఇప్పుడు ఆఫీసు కౌంటర్. ఆ కౌంటర్ దగ్గర అక్షరం సగం కనబడకపోతే మనిషి పక్కవాడి చేతికి ఫోన్ ఇస్తాడు, దాంతోపాటు పిన్ కూడా చెబుతాడు.

ముందే ఒక మాట. కింద మేము అడిగినవాటిలో దాదాపు ప్రతిదాన్నీ ఈ రెండు వ్యవస్థల్లో ఏదో ఒకటి ఇప్పటికే చేసి చూపించింది. కాబట్టి "సాంకేతికంగా కుదరదు" అనే జవాబును మేము ఒప్పుకోలేం.

1. ఒత్తులు తెగిపోతున్నాయి.

ఇంగ్లిష్ అక్షరాలు ఒకే వరుస మీద నిలబడతాయి, నాలుగైదింటికి మాత్రం తోక కిందికి జారుతుంది. తెలుగు అలా కాదు. పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, ఒక్కోసారి ఒత్తుకు తోడు ఇంకో ఒత్తు. "స్వాతంత్ర్యం" అనే మాటలో త కింద రకారం, యకారం రెండూ చేరతాయి. బటన్ ఎత్తును ఇంగ్లిష్ మాటకు కొలిచి బిగించేస్తే ఆ కింది భాగమంతా తెగిపోతుంది. తెగితే చూడ్డానికి బాగుండదనే కాదు, మాటే మారిపోతుంది. "చెల్లించు" కాస్తా "చెలించు" అవుతుంది. "మొత్తం" "మొతం" అవుతుంది. "రద్దు" "రదు"గా మిగులుతుంది. డబ్బు కట్టే తెర మీద ఎక్కువగా కనబడేవి సరిగ్గా ఈ మాటలే.

ఆండ్రాయిడ్‌లో దీని వెనక పెద్ద కథే ఉంది. ఇంగ్లిష్‌కు కొలిచిన వరుసల్లో ఇమడాలని మన లిపులకు నిలువునా కుదించిన ఫాంటు వాడటం అక్కడ చాలా ఏళ్లు అలవాటుగా సాగింది. అసలు ఎత్తు కావాలంటే డెవలపర్ "ఎలిగెంట్ టెక్స్ట్ హైట్" అనే సెట్టింగ్‌ను తానే ఆన్ చేయాలి. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు 2024లో అది దానంతటదే ఆన్ అయింది. ఆండ్రాయిడ్ 16ను లక్ష్యంగా పెట్టుకుంటే ఆఫ్ చేసే వీలు కూడా తీసేశారు. తెలుగు, తమిళం, కన్నడ, మలయాళం, గుజరాతీ, ఒడియా, అరబిక్, థాయ్, లావో, బర్మీస్ లిపుల పేర్లు రాసి మరీ, తెరలు సరిచూసుకోండని గూగుల్ డెవలపర్లకు చెప్పింది. మంచి నిర్ణయం, అభినందిస్తున్నాం.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఎత్తు కొలిచి బిగించిన పాత పెట్టెల్లో కుదించిన ఫాంటు ఎలాగో ఇమిడిపోయేది. అసలు ఎత్తు ఫాంటు అందులో ఇమడదు. కాబట్టి కొత్త లక్ష్యానికి మారిన యాప్‌లలో డెవలపర్ తెరలను తిరిగి చూసుకోకపోతే కోత తగ్గకపోగా పెరుగుతుంది. "అప్‌డేట్ చేశాక పాడైంది" అనే ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు వెతకాల్సింది ఇక్కడే.

ఐఓఎస్‌లో సిస్టమ్ ఇచ్చిన అక్షర శైలులను వాడితే లేబుల్ దానంతటదే పెరుగుతుంది. 2023లో ఐఓఎస్ 17తో భాషను బట్టి వరుస ఎత్తు సర్దుకునే ఏర్పాటు కూడా వచ్చింది. కానీ డెవలపర్ ఎత్తును "ఇంతే" అని బిగించేస్తే అక్కడా అదే కోత.

దిద్దుబాటు ఖర్చుతో కూడిన పని కాదు. ఆండ్రాయిడ్‌లో బటన్‌కు కచ్చితమైన ఎత్తు బదులు కనీస ఎత్తు 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఇచ్చి, లోపలి అక్షరాన్ని బట్టి పెరగనివ్వాలి. అక్షరం చుట్టూ ఉండే ఖాళీని తీసేసే "ఇంక్లూడ్ ఫాంట్ ప్యాడింగ్ ఫాల్స్" అనే వరుస కోడ్‌లో ఉంటే తొలగించాలి. ఐఓఎస్‌లో ఎత్తు 44 పాయింట్లకు "సమానం" అని కాకుండా "అంతకు తగ్గకుండా" అని రాయాలి, లేబుల్ వరుసల సంఖ్యను సున్నా చేయాలి. ఆ తర్వాత "స్వాతంత్ర్యం", "రాష్ట్రం", "లక్ష్మి", "మొత్తం చెల్లించు" అనే నాలుగు మాటలను బటన్‌లో, నోటిఫికేషన్‌లో, కింది ట్యాబ్‌లలో, జాబితా వరుసలో, రాసే పెట్టెలో పెట్టి, అక్షర పరిమాణాన్ని గరిష్ఠానికి పెంచి చూడాలి. ఒక యాప్‌కు ఇది పూట పని కూడా కాదు.

2. అక్షరాన్ని లెక్కపెట్టడమే తప్పుగా ఉంది.

"రాష్ట్రం" చూపుకు రెండక్షరాలు. కంప్యూటర్ లోపల ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా కలిసి 8 సంకేతాలు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కోట్లిన్‌లో పొడవు అడిగితే 8 అంటుంది. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్‌లో అడిగితే యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణం) పాత నియమం ప్రకారం 4, కొత్త నియమం ప్రకారం 2. ఆ కొత్త నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరగ్గొట్టకూడదన్నదే దాని సారం.

దీనివల్ల మామూలు మనిషికి వచ్చిన నష్టం ఏమిటి? పేరు 20 అక్షరాలకు మించకూడదు అని పెట్టిన ఫారంలో ఇంటిపేరు, సొంత పేరు పూర్తిగా పట్టవు. అదే పేరు ఒక ఫోన్‌లో పడుతుంది, ఇంకో ఫోన్‌లో పడదు. "లక్ష్మి" అనే పేరు చోటు చాలక "లక్…" అని ఆగుతుంది. కాంటాక్టుల్లో గుండ్రటి బొమ్మలో "శ్రీనివాస్"కు "శ్రీ" రావాల్సిన చోట ఉత్త "శ" వస్తుంది. ఆధార్‌లో ఒకలా, యాప్‌లో ఒకలా ఉన్న పేరు వల్ల దరఖాస్తు వెనక్కొస్తే తిరగాల్సింది మీరు కాదు.

ఎస్సెమ్మెస్ సంగతీ ఇంతే. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగులో పంపితే 70 సంకేతాలకే నిండిపోతుంది, అంతకు మించితే ఒక్కో ముక్కకు 67. "రాష్ట్రం" అనే ఒక్క మాటకే 8 పోతాయి. ఖాతాలో డబ్బు తీసిన కబురు ఇంగ్లిష్‌లోనే రావడానికి ఈ లెక్క కూడా ఒక కారణం. మొబైల్ నెట్‌వర్కుల ప్రమాణాలు రాసే 3జీపీపీ, తెలుగుతో సహా మన భాషలకు తక్కువ చోటు పట్టే 7 బిట్ల సంకేత పట్టికలు ఎప్పుడో చేర్చింది. అన్ని ఫోన్లూ వాటిని తప్పకుండా చదవగలిగితేనే పంపేవాళ్లకు ధైర్యం వస్తుంది.

పరీక్షల్లో తెలుగును పక్కన పెడితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని "కలపవద్దు" గుర్తు, దీర్ఘం అనే వరుస ఐఓఎస్ 11లో కనబడితే చాలు, యాప్‌లు కూలిపోయేవి. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఆ కొన్ని రోజులూ మన అక్షరం ఊరందరికీ వేళాకోళమైంది. తప్పు అక్షరానిది కాదు.

3. కీబోర్డు ప్రతి గడిలోనూ మార్చుకోవాల్సి వస్తోంది.

ఈ విషయంలో ఆండ్రాయిడ్ ముందుంది. గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో తెలుగు అక్షరాలతో నేరుగా కొట్టవచ్చు, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగుగా మార్చుకోవచ్చు, 2017 నుంచి తెలుగులో మాట్లాడి రాయించవచ్చు. ఐఓఎస్ 18తో 2024లో అక్షరమాల వరుసలో కీబోర్డు వచ్చింది, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రభుత్వ ప్రమాణ అమరిక అలవాటు లేనివారికి అది మేలు చేసింది. అయితే ఐఓఎస్‌లో బయటి కంపెనీల కీబోర్డులకు మైకు అందదు. పాస్‌వర్డ్ గడిలోకి వెళ్లగానే బయటి కీబోర్డును పక్కకు నెట్టి సిస్టమ్ కీబోర్డు వచ్చేస్తుంది. భద్రత కోసం అది సరే. కానీ ఎందుకు మారిందో తెర మీద ఒక్క ముక్క కూడా రాయరు. ఫోన్ పాడైందనుకుని దుకాణానికి తీసుకెళ్లేవాళ్లున్నారు.

రెండింటిలోనూ అసలు బాధ ఫారాల్లోనే. పేరు తెలుగులో రాయాలి, ఈమెయిల్ ఇంగ్లిష్‌లో, ఊరు తెలుగులో, పిన్‌కోడ్ అంకెల్లో. ప్రతి గడి దగ్గరా గ్లోబు గుర్తు నొక్కాలి, లేదా స్పేస్‌బార్ పట్టుకుని భాష మార్చాలి. ఇది తప్పించే దారి ఎప్పటినుంచో ఉంది. ఆండ్రాయిడ్ 7 నుంచి "ఐఎంఈ హింట్ లొకేల్స్" అనే సూచన ఇస్తే, దాన్ని పాటించే కీబోర్డు ఆ గడిలో తెలుగుతో తెరుచుకుంటుంది. ఐఓఎస్‌లో రాసే గడికి ఏ భాష కీబోర్డు కావాలో డెవలపర్ చెప్పవచ్చు, లేదా ఆ గడిలో కిందటిసారి వాడినదాన్ని గుర్తుంచుకోమనవచ్చు. గడికి కొద్ది వరుసల కోడ్ చాలు. ప్రభుత్వ ఫారాలు తయారుచేసేవారు దీన్ని ఎందుకు వాడరో మాకు అర్థం కాదు.

4. పవర్ బటన్ ఏం చేస్తుందో ఫోన్ ఫోన్‌కూ మారిపోతోంది.

ఫోన్ ఆపాలంటే పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలని అందరికీ తెలుసు. ఇప్పుడు చాలా ఫోన్లలో అలా పట్టుకుంటే మాట వినే డిజిటల్ సహాయకుడు పలుకుతాడు. గూగుల్ పిక్సెల్‌లో ఆపడానికి పవర్, వాల్యూమ్ పెంచే బటన్ కలిపి నొక్కాలి. శామ్‌సంగ్‌లో పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్‌లో పక్క బటన్, ఏదో ఒక వాల్యూమ్ బటన్. ఆండ్రాయిడ్‌లో వాల్యూమ్ తగ్గించే బటన్‌తో కలిపి క్షణం నొక్కి వదిలితే స్క్రీన్‌షాట్ పడుతుంది. పెద్దవాళ్ల గ్యాలరీల్లో లాక్ స్క్రీన్ ఫొటోలు కుప్పలుగా ఉండటానికి కారణం ఇదే.

నవ్వి ఊరుకోవచ్చు గానీ ఇదే బటన్ ఆపదలోనూ పనికి రావాలి. కేంద్రం 2016లో చేసిన పానిక్ బటన్ నియమాల ప్రకారం స్మార్ట్‌ఫోన్‌లో అత్యవసర కాల్ బటన్‌ను నొక్కి పట్టుకున్నప్పుడు గానీ, పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కినప్పుడు గానీ అత్యవసర కాల్ వెళ్లాలి. భారతదేశంలో ఐఫోన్‌కు మూడు నొక్కులనే ఆపిల్ చెబుతోంది. ఆండ్రాయిడ్ 12తో వచ్చిన ఎస్ఓఎస్‌కు మాత్రం ఐదు నొక్కులు. రెండు నొక్కులకు చాలా ఫోన్లలో కెమెరా తెరుచుకుంటుంది. మహిళా భద్రత శిబిరంలో కాలేజీ అమ్మాయిలకు ఎన్నిసార్లు నొక్కమని నేర్పాలి? కంపెనీని బట్టి జవాబు మారితే నేర్పినా లాభం లేదు.

5. వెనక్కి వెళ్లే దారి.

ఆండ్రాయిడ్‌లో కింద మూడు బటన్లు ఉన్నప్పుడు పిక్సెల్‌లో వెనక్కి ఎడమవైపు, శామ్‌సంగ్‌లో కుడివైపు. 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చిన సైగల్లో రెండు అంచుల్లో దేని నుంచి జరిపినా వెనక్కే. ఐఫోన్‌లో వెనక్కి బాణం పైన ఎడమ మూలన, లేదా ఎడమ అంచు నుంచి జరపాలి. 2017లో ఐఫోన్ ఎక్స్‌తో హోమ్ బటన్ కూడా పోయింది. ఇంట్లో ఒకే ఫోన్‌ను నలుగురు వాడే చోట, పాతది పాడై వేరే కంపెనీది కొన్న చోట, చెల్లింపు మధ్యలో వెనక్కి వెళ్లబోయి యాప్ మూసేస్తారు, డబ్బు పోయిందో లేదో తెలియక రెండోసారి కడతారు. మూడు బటన్ల పద్ధతిని ఆండ్రాయిడ్ ఇప్పటికీ ఉంచింది, అది తీసేయవద్దు. కొత్త ఫోన్ మొదటిసారి తెరిచినప్పుడే ఏ పద్ధతి కావాలో అడిగి, ఒకసారి చేసి చూపించాలి. సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు దిగి వెతుక్కోవాల్సిన విషయం కాదిది.

6. పెద్ద అక్షరాలు, యాప్‌కో భాష, చదివి వినిపించడం.

ఆండ్రాయిడ్ 14 అక్షరాలను 200 శాతం దాకా పెంచనిస్తుంది. అప్పటికే పెద్దగా ఉన్న శీర్షికలను తక్కువగా, చిన్న అక్షరాలను ఎక్కువగా పెంచుతుంది. తెలివైన పని. ఐఓఎస్‌లో 12 మెట్లున్నాయి, కానీ పెద్దవైన ఆఖరి ఐదూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ (చూపు, వినికిడి లోపాలున్నవారి సౌకర్యాలు) లోపల, "పెద్ద పరిమాణాలు" అనే స్విచ్ వెనక దాక్కున్నాయి. చూపు తగ్గినవారికే అవసరమైనదాన్ని చూపు బాగున్నవారికి మాత్రమే దొరికే చోట పెట్టారు. ఈ రెండు ఏర్పాట్లనూ వమ్ము చేసేది యాప్‌లే. ఆండ్రాయిడ్‌లో అక్షరానికి సెట్టింగ్‌ను బట్టి పెరిగే "ఎస్పీ" కొలత బదులు, అలా పెరగని "డీపీ" వాడితే, ఐఓఎస్‌లో అంకె వేసి ఫాంటు బిగిస్తే, వాడేవారు సెట్టింగ్స్‌లో ఎంత పెంచినా తెర కదలదు.

ఫోన్ అంతా ఇంగ్లిష్‌లో ఉంచి ఒక్క యాప్‌ను తెలుగులో చూసుకునే వీలు ఐఓఎస్‌లో 2019లోనే (ఐఓఎస్ 13) వచ్చింది, ఆండ్రాయిడ్‌లో 2022లో (ఆండ్రాయిడ్ 13). పిల్లలు ఇంగ్లిష్‌లో పెట్టిన ఫోన్‌లో అమ్మ బ్యాంకు యాప్‌ను తెలుగులో చదువుకోవాలంటే ఇదే దారి. కానీ ఆండ్రాయిడ్‌లో డెవలపర్ తన యాప్‌లో ఉన్న భాషల జాబితా ఫైలును జతచేయకపోతే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ కనబడదు. ఐఓఎస్‌లో భాషల జాబితాకు రెండో భాషను చేర్చుకోనిదే ఆ వరుస రాదు. తెలుగు ఉండీ లేనట్టే.

చూపు లేనివారి సంగతి ఇంకా అన్యాయం. బొమ్మ బటన్లకు పేరు రాయకపోతే తెరను చదివి వినిపించే ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్, ఐఓఎస్ వాయిస్‌ఓవర్ "బటన్" అని ఊరుకుంటాయి. ఏ బటనో దేవుడికే తెలియాలి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ విషయంలో 20 ఆదేశాలు ఇచ్చింది. వైకల్యం ఉన్నవారికీ డిజిటల్ సేవలు అందేలా చేసే ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం అంతకుముందే ఉంది. బటన్‌కు తెలుగులో పేరు రాయడం ఆ ప్రమాణంలో తొలి మెట్టు.

7. అనుమతుల తెరలు, మోసాలు, లాక్ స్క్రీన్ ప్రకటనలు.

వాట్సాప్‌లో చలానా పేరుతోనో, పెళ్లి శుభలేఖ పేరుతోనో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ వేసే ఫైలు) వస్తుంది. నొక్కితే ఆండ్రాయిడ్ హెచ్చరిస్తుంది, అవతలివాడు ఫోన్‌లో మాట్లాడుతూ ఆ హెచ్చరికను దాటిస్తాడు. మన దేశంలో ఐఫోన్‌లో బయటి నుంచి యాప్ వేసుకునే వీలు లేదు కాబట్టి ఈ దారి అక్కడ మూసుకుంది. అలాగని ఆండ్రాయిడ్‌లో ఆ స్వేచ్ఛ తీసేయమని మేము అడగం. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా వచ్చిన యాప్‌లకు యాక్సెసిబిలిటీ అధికారం నేరుగా దొరకదు. కానీ యాప్ సమాచారం తెరలో మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి ఆ అడ్డు తొలగించవచ్చు, మోసగాళ్లకు ఆ మూడు చుక్కలు కంఠతా వచ్చు. ఆ అధికారం మోసగాళ్ల చేతికి చిక్కితే తెర మీద కనబడేదంతా, ఓటీపీతో సహా, వాళ్లకు కనబడుతుంది. అప్పుడు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయడమే మిగిలేది.

చదవడం నెమ్మదిగా వచ్చేవారికి నాలుగు వరుసల హెచ్చరిక హెచ్చరికే కాదు. ఆ తెర మీదే "చదివి వినిపించు" అనే బటన్ ఉండాలి. వినిపించే యంత్రాంగం రెండు వ్యవస్థల్లోనూ ఉంది, ముందుగా సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకున్నవారికి మాత్రమే దొరుకుతోంది.

ఇక కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో లాక్ స్క్రీన్ మీదే వార్తల ముసుగులో ప్రకటనలు వస్తున్నాయి. కాల్ తీయబోయి వాటిని నొక్కుతున్నారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్‌ల (వాడేవారిని మభ్యపెట్టే తెరల ఎత్తుగడల) మార్గదర్శకాల్లో 13 రకాలున్నాయి. మారువేషపు ప్రకటన, పదేపదే విసిగించడం రెండూ వాటిలో ఉన్నాయి. లాక్ స్క్రీన్ ఆ పరిధిలోకి రాదని ఎవరైనా అంటే ఎందుకు రాదో చెప్పాలి.

పై కారణాల వల్ల మేము కోరుతున్నవి:

1. భారతీయ ప్రమాణాల సంస్థకు: ఫోన్‌లో 22 అధికార భాషలూ చదవగలిగేలా ఉండాలని, ఇంగ్లిష్, హిందీ, మరొక భారతీయ భాషలో రాయగలగాలని ఐఎస్ 16333 (భాగం 3) ప్రమాణం చెబుతోంది. చదవగలగడం అంటే ఒత్తు, గుడి తెగకుండా కనబడటమని అందులో స్పష్టంగా చేర్చండి. పరీక్ష మామూలు పరిమాణంలో ఒకసారి, గరిష్ఠ పరిమాణంలో ఒకసారి జరగాలి. నోటిఫికేషన్, లాక్ స్క్రీన్, కాల్ తెర, సెట్టింగ్స్ నాలుగూ పరీక్షలో ఉండాలి.

2. కేంద్ర ప్రభుత్వానికి: అత్యవసర కాల్‌కు ఎన్ని నొక్కులో దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లోనూ ఒకటే ఉండాలి. 2016 నియమాలు ఇప్పటికీ అమల్లో ఉన్నాయా, ఉంటే ఐదు నొక్కుల ఫోన్లు ఎలా అమ్ముడవుతున్నాయి అన్నది రాతపూర్వకంగా చెప్పండి.

3. రెండు రాష్ట్రాల ఐటీ శాఖలకు: యాప్ టెండర్ పత్రాల్లో ఐదు షరతులు పెట్టండి. ఎత్తు బిగించని బటన్లు, గడిని బట్టి కీబోర్డు, భాషల జాబితా ఫైలు, ప్రతి బొమ్మ బటన్‌కు తెలుగు పేరు, పేరు గడిలో సంకేతాలను కాక అక్షరాలను లెక్కపెట్టడం. ఇవి నెరవేరకుండా చివరి వాయిదా బిల్లు ఇవ్వవద్దు. బిల్లు ఆగితే తప్ప కదలని పనులివి.

4. గూగుల్‌కు: ప్లే స్టోర్‌లోకి వచ్చే యాప్‌ల ముందస్తు పరీక్షలో తెలుగు కోతను వెతికే పరీక్ష చేర్చండి. మూడు చుక్కల దారిలో అడ్డు తొలగించేటప్పుడు, ఫోన్ కాల్ నడుస్తూ ఉంటే తొలగించనివ్వకండి.

5. ఆపిల్‌కు: పెద్ద అక్షరాల ఆఖరి ఐదు మెట్లను మొదటి తెరలోకి తెండి. కీబోర్డు దానంతటదే మారినప్పుడు కారణం ఒక వరుసలో చూపండి.

6. ఫోన్ కంపెనీలకు: పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ ఆపే మెనూ రావడమే మొదటి అమరికగా ఉంచండి, సహాయకుడు కావాలన్నవారు మార్చుకుంటారు. లాక్ స్క్రీన్ ప్రకటనలు మొదటి నుంచే ఆఫ్‌లో ఉండాలి.

7. యాప్‌లు తయారుచేసే మిత్రులకు: మీ యాప్ తెలుగులో ఉందని ప్రకటించే ముందు పైన చెప్పిన నాలుగు మాటలనూ పెద్ద అక్షరాల్లో పెట్టి ఒక్కసారి చూడండి.

ఈ లేఖ అందిన ఆరు నెలల్లో ఏది చేస్తారు, ఏది చేయరు, చేయనిదానికి కారణమేమిటి అన్న మూడు ముక్కల జవాబు ప్రతి సంస్థ నుంచీ కోరుతున్నాం. జవాబు బహిరంగంగా, తెలుగులో ఇవ్వండి. పరీక్షకు వాడే పదాల పట్టిక, కోత పడిన తెరల చిత్రాలు, ఏ ఫోన్‌లో ఏ వెర్షన్‌లో పడిందన్న వివరాలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అడిగిన సంస్థకు రుసుము లేకుండా ఇస్తాం, కూర్చుని చూపిస్తాం.

ఇట్లు,
తెలుగు తెరల రూపకర్తలు, పరీక్షకులు కొందరు